భూమి లేకుండా ఇంటి తిండి: శ్రీకాకుళం మేడ మీద ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి

మాది శ్రీకాకుళం టౌనులో రెండున్నర సెంట్ల స్థలం. అందులో చాలావరకు ఇల్లే. వెనక గోడకీ ప్రహరీకీ మధ్య ఆరడుగుల సందు, పైన ఆరువందల చదరపు అడుగుల మేడ మిగిలాయి. పొలం లేదు, కొనే స్తోమత కూడా ఇప్పట్లో లేదు. అయినా ఇంట్లో తినేదానిలో వీలైనంత మా చేతుల మీదుగానే రావాలని మా ఆయనా నేనూ అత్తయ్యా కూర్చుని నిర్ణయించుకున్నాం. ఈ డైరీ ఆ పని ఎంతవరకు వచ్చిందో రాసుకోవడానికి.

మొక్కల జోలికి వెళ్లేముందు ఒక నెలంతా వంటింటి లెక్క రాశాం. బియ్యం, పప్పు, నూనె ఎంతవుతాయో ముందే తెలుసు. చిన్నవాటి దగ్గరే ఆశ్చర్యపోయాం. కొత్తిమీర, కరివేపాకు, పచ్చిమిర్చి, ఆకుకూర, నిమ్మకాయ. పదీ ఇరవై అనుకుంటూ రోజూ ఇచ్చిన డబ్బు నెల తిరిగేసరికి పప్పుల ఖర్చును దాటిపోయింది. పైగా ఇవన్నీ తెచ్చిన మర్నాటికే వాడిపోయే సరుకు. అదే నెలలో రోజూ ఒక బకెట్ తొక్కలూ తుక్కూ చెత్త బండికి వెళ్లాయి. బియ్యం కడుగు, కూరలు కడిగిన నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు కాలువలో కలిశాయి.

భూమి లేనివాళ్లకి అసలు పని ఇక్కడే ఉందని నాకనిపించింది. ఎంత పండించగలం అని కాకుండా ఇంట్లోంచి ఏం పోతోంది, దాన్ని ఎక్కడ ఆపగలం అని చూడాలి. చెత్త ఆగితే ఎరువు. నీళ్లు ఆగితే తడి. రోజూ వాడిపోయే సరుకు కొనడం మానితే డబ్బు. బియ్యం, నూనెగింజలు, పప్పులు మేడ మీద పండవు, ఆ భ్రమ మాకు లేదు. వాటిని షాపులో ప్యాకెట్టుగా కాకుండా పంట చేతికొచ్చినప్పుడు రైతు దగ్గర కొని, ఇంట్లో నిల్వ చేసుకుని, మనమే ఆడించుకోవాలి. మా అత్తయ్య చిన్నప్పుడు నరసన్నపేట వైపు అందరిళ్లలో ఇదే పద్ధతట.

మార్చి

మేడ మీద మట్టి పరిచి మడులు కట్టే ఆలోచన ఒకటి వచ్చింది. ఇల్లు కట్టిన మేస్త్రిని పిలిచి అడిగాం. ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు. "బరువంతా గోడల మీదకి తోసీండమ్మా, నడిమధ్యన పెట్టకండి."

ఈ సంగతి మేడ తోట వేసే ప్రతివాళ్లూ తెలుసుకోవాలి. మనుషులు తిరిగే మేడని మామూలుగా చదరపు మీటరుకి 150 కిలోల బరువు మోసేలా డిజైన్ చేస్తారు. తడిసిన మట్టి ఘనపు మీటరు 1,600 కిలోల పైనే తూగుతుంది. అరడుగు మందాన పరిస్తే చదరపు మీటరుకి 240 కిలోలు. వానాకాలం ఇంకా ఎక్కువ. కాబట్టి మడుల ఆలోచన అక్కడితో సరి. రెండువందల లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములు నిలువునా సగానికి కోయించి గోడల వెంట పెట్టాం. పెయింటు డబ్బాలు బీముల వరసలో. సిమెంటు గోళేలు ఎంత బాగున్నా ఒట్టివే మోయలేం, అవి కిందే. ప్రతి డబ్బా కింద రెండేసి ఇటుకలు పెట్టాం, స్లాబ్ మీద తడి నిలవకుండా, చీపురు ఆడడానికి వీలుగా.

మట్టి తేలిగ్గా ఉండాలంటే కొబ్బరి పొట్టు కావాలి. మన జిల్లాలో దానికి కొదవలేదు. ఉద్దానంలో, కవిటి కంచిలి వైపు, పీచు తీసిన చోట పొట్టు గుట్టలుగా పడి ఉంటుంది. తెచ్చినది తెచ్చినట్టు వాడకూడదు. అందులో ఉప్పు ఉంటుంది, కొత్త వేళ్లని మాడుస్తుంది. డ్రమ్ములో నానబెట్టి, ఎర్రటి నీళ్లు వంపేసి, నీళ్లు తేటపడేదాకా మళ్లీ మళ్లీ కడిగాం. ఒక వంతు ఎర్రమట్టి, ఒక వంతు కడిగిన పొట్టు, ఒక వంతు బాగా మాగిన పశువుల గత్తం. గుప్పెడు వేపపిండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కావాలి, వేలితో తడితే విడిపోవాలి. అదీ పాకం.

ఏప్రిల్, మే

ఎండలో ఎవరూ తోట మొదలుపెట్టరు. మేం ఎరువు మొదలుపెట్టాం. మూత ఉన్న మూడు బకెట్లకి కింద, పక్కల కన్నాలు పెట్టి వెనక సందులో వరసగా ఉంచాం. రోజూ వంటింటి తుక్కు ఒక పొర, దాని మీద రెండింతలు ఎండుటాకులో కొబ్బరి పొట్టో. ఒకటి నిండాక మూతపెట్టి రెండోది. మూడోది నిండేసరికి మొదటిది నల్లగా, వాన పడ్డ మట్టి వాసనతో తయారవుతుంది. కంపు కొడితే తడి ఎక్కువైందని అర్థం, ఎండు పొట్టు వేసి కలిపితే రెండు రోజుల్లో పోతుంది. బకెట్లో లావుపాటి బూడిద రంగు పురుగులు కనిపిస్తే భయం అక్కర్లేదు. అవి నల్ల ఈగ పిల్లలు, తుక్కుని చకచకా తినేస్తాయి. కోళ్లు వచ్చాక వాటికి అవే విందు.

ఎరువుతో పాటు ద్రవ జీవామృతం. ఈ వైపు ప్రకృతి సేద్యం చేసే రైతులు ఎకరానికి కలిపే లెక్క 200 లీటర్ల నీళ్లకి పది కిలోల ఆవు పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. మా మేడకి అందులో పదో వంతు చాలు. నీడలో ఉంచి రోజూ రెండుసార్లు కర్రతో కుడివైపుకి తిప్పితే రెండు రోజులకి నురగ కడుతుంది. నీళ్లు కలిపి పోస్తాం.

యాభై శాతం నీడనిచ్చే పచ్చ వల కట్టి, దాని కింద తోటకూర, గోంగూర, తీగ బచ్చలి వేశాం. ఎండకి ఆగేవి ఇవే. తోటకూర నెల తిరక్కుండానే కోతకొచ్చింది. గోంగూర మొదలంటా పీకకుండా చిటారుకొమ్మలు గిల్లితే పక్క కొమ్మలు వేసి నెలల తరబడి ఇస్తుంది. పొన్నగంటికూరకి విత్తనం కూడా అక్కర్లేదు, బజార్లో కొన్న కట్టలోంచి ముదురు కాడలు నాలుగు గుచ్చితే చాలు. ఇప్పుడు ఇంట్లో ఆకుకూర కొనడం లేదు.

రోజూ పొద్దున్న చోడి, అంటే రాగి, అంబలి. చోళ్లు ఎన్నేళ్లు నిలవ ఉన్నా పురుగు పట్టవు, గింజ అంత చిన్నది, అంత గట్టిది. తొలి నిలవ సరుకుగా దాన్నే ఎంచుకున్నాం. ఒక బస్తా చోళ్లు కొన్నాం, పిండి ఎప్పటికప్పుడు ఆడించుకుంటున్నాం.

జూన్

మృగశిర కార్తె దాటాక వానలు. చదరపు మీటరు మేడ మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. మా మేడ సుమారు 56 చదరపు మీటర్లు. పది మిల్లీమీటర్ల వాన పడితే, చెదిరిందీ ఆవిరైందీ పోను, 450 లీటర్ల దాకా గొట్టంలోంచి దిగుతుంది. కాస్త గట్టి వానలు రెండు పడితే వెయ్యి లీటర్ల ట్యాంకు నిండిపోయినట్టే. గొట్టానికి T ఆకారపు ముక్క బిగించి, మొదటి జల్లుతో వచ్చే దుమ్ము నీళ్లు పక్కకి పోయేలా చేశాం. నిండాక మిగిలినది సందు చివర తవ్వించిన ఇంకుడు గుంతలోకి.

ఈ ట్యాంకు వేసవికి దాచుకునేది కాదు. మా డబ్బాలకి ఎండాకాలం రోజుకి అరవై లీటర్ల పైనే కావాలి, వెయ్యి లీటర్లు రెండు వారాలకి సరిపోతాయంతే. వానకీ వానకీ మధ్య గ్యాప్ దాటించడానికే అది. వేసవికి ఆధారం వంటింటి నీళ్లు. బియ్యం కడుగు, కూరలు కడిగిన నీళ్లు బకెట్లో పట్టి నేరుగా ఆకుకూరలకి. గిన్నెలు తోమిన నీళ్లు సింకు గొట్టం నుంచి కంకర గుంతలోకి, అక్కణ్నుంచి సందులోని అరటి, చేమ, కంద పాదుల్లోకి. సబ్బు నీళ్లు ఆకుకూరలకి పొయ్యకూడదు, అరటికి పర్వాలేదు. కంద నాటింది కందా బచ్చలి కూర కోసమే. బచ్చలి పైన ఉంది, కంద కింద ఉంది, ఆవ ఒక్కటే కొనాలి.

జూలై, ఆగస్టు

సగం డ్రమ్ముల్లో బీర, ఆనప, కాకర. ఇనప పైపులు, వాటి మధ్య నైలాను వల. కోతుల కోసం చుట్టూ ఇంకో వల. ఈ వల లేకపోతే శ్రీకాకుళంలో మేడ తోట మాటే మర్చిపోవాలి.

ఆగస్టు మొదట్లో బీరపాదు నిండా పూలు, పిందెలు మాత్రం పసుపురంగు తిరిగి రాలిపోతున్నాయి. ఎరువు లోపం అనుకుంటారు చాలామంది. పాదు దగ్గర సాయంత్రం కూర్చుంటే విషయం తెలుస్తుంది. బీర పువ్వు పొద్దుట విప్పుకోదు. ఎండ వాలాక, ఐదూ ఆరు గంటల మధ్య విచ్చుకుంటుంది. ఆనప పువ్వు ఇంకా ఆలస్యం, చీకటి పడే వేళకి. పొలాల్లో అయితే ఆ వేళకి రెక్కల పురుగులు వస్తాయి. మూడువైపులా ఇళ్లు, వీధి దీపాలు ఉన్న మేడ మీదకి అవి అంతగా రావు. పుప్పొడి అందక పిందె ఎండిపోతుంది.

కాబట్టి ఆ పని మనమే చెయ్యాలి. బీరలో మగ పూలు గుత్తిగా, సన్నటి కాడ మీద ఉంటాయి. ఆడ పువ్వు ఒంటిగా, కింద చిటికెన వేలంత బీరపిందెతో ఉంటుంది. ఆ పిందె మీద గీతలు కూడా అప్పటికే కనబడతాయి. మగ పువ్వు ఒకటి తుంచి, పసుపు రేకులు వెనక్కి మడిచి, మధ్యలో పొడి అంటుకున్న భాగం మాత్రం బయటికి వచ్చేలా పట్టుకోవాలి. దాన్ని ఆడ పువ్వు నడుమ తడిగా మెరిసే కొసలకి మూడువైపులా మెల్లగా రాయాలి. గట్టిగా రుద్దకూడదు. ఒక మగ పువ్వు రెండు మూడు ఆడ పూలకి వస్తుంది. మూడో రోజుకి తేడా తెలిసిపోతుంది. అందిన పిందె ఆకుపచ్చగా నిగనిగలాడుతూ కిందికి వంగుతుంది, అందనిది మెడ దగ్గర ముడుచుకుంటుంది. కాకరకి, గుమ్మడికి మాత్రం ఈ పని పొద్దున్నే, వాటి పూలు తెల్లవారుతూనే విప్పుకుంటాయి. ఆ వేళకి తేనెటీగలు వస్తాయి గనక కాకరకి మేం చెయ్యి పెట్టనక్కర్లేకపోయింది.

ఇప్పుడు సాయంత్రం టీ తాగాక మా అత్తయ్య మేడ ఎక్కడం రివాజు. "పాపం అన్నిటికీ అందిందో లేదో చూసొస్తానే" అంటుంది. మోకాళ్ల నొప్పుల మనిషి. ఈ పని మాత్రం ఇంకొకరికి ఇవ్వదు.

ఆనపతీగ ఐదడుగులు పాకాక కొస గిల్లాం. ఆనపలో ఆడపూలు ఎక్కువగా పక్క తీగల మీద వస్తాయి, నడిమి తీగ మీద మగవే ఎక్కువ. గిల్లితే పక్క తీగలు తొందరగా లేస్తాయి. ఎర్ర పెంకు పురుగులకి తెల్లారి మంచు తడి మీద కట్టెల బూడిద చల్లాం. పండు ఈగ కుట్టకుండా ప్రతి పిందెకీ కాగితం సంచి తొడిగాం. వంకాయ మీది పిండినల్లికి లీటరు నీళ్లకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కుంకుడు పులుసుతో కలిపి.

సెప్టెంబరు చివర

మన జిల్లాలో పందిరి వేసేవాడికి ఒక తేదీ గుర్తుండాలి. తుపానుల్లో ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. మూడూ అక్టోబరు రెండో వారంలోనే. తిత్లీ పలాస దగ్గర దాటినప్పుడు ఉద్దానంలో తరాల నాటి కొబ్బరి తోటలు నేలకూలాయి. అంత గాలికి మా నైలాను పందిరి ఎంత?

అందుకే మొదట్నించీ లెక్క ఇది: బీర, ఆనప జూన్‌లో పెట్టాలి, సెప్టెంబరు నెలాఖరుకి కాపు అయిపోవాలి, దసరాకల్లా మేడ మీద ఎత్తుగా ఏదీ ఉండకూడదు. నెలాఖరున పందిరి విప్పి చుట్టేశాం. పైపులు పడుకోబెట్టాం. విత్తనానికి వదిలిన రెండు బీరకాయలు ఎండి గలగలమనేదాకా ఉంచి కోశాం. గింజలు బూడిదలో పొర్లించి సీసాలో పెట్టాక, లోపలి పీచు స్నానాలకి. సందులోని మునగని నడుము ఎత్తున నరికించాం. మునగ కొమ్మ పెళుసు, పొడుగ్గా వదిలితే గాలికి పక్కింటి రేకుల మీద పడుతుంది. నరికితే కార్తీకంలో లేత ఆకు దండిగా వస్తుంది, దాని అవసరం జనవరిలో ఉంది.

నవంబరు

కోళ్లు వచ్చాయి. నాలుగు పెట్టలే, సందులో జాలీ గూట్లో. పుంజు లేదు, గుడ్లకి పుంజు అక్కర్లేదు, ఇరుగుపొరుగు నిద్రా చెడదు. కొక్కెర తెగులు టీకా వేయించాకే తెచ్చాం. రెట్ట నేరుగా మొక్కలకి వెయ్యం, ఎరువు బకెట్లోకి వెళ్తుంది.

మేడ మీద మెంతి, కొత్తిమీర, పాలకూర, టమాటా, మిరప. చలికాలం ఎవరేం వేసినా పండుతుంది, దీని గురించి ఎక్కువ రాయను.

జనవరి

ఏడాదిలో అన్నిటికంటే పెద్ద పని ఇది. అత్తయ్య తమ్ముడు, మా చిన మావయ్య, వంశధార కాలువ కింద వరి చేస్తారు. నూర్పులు అయ్యాక ఆయన దగ్గర ఐదు క్వింటాళ్ల ధాన్యం కొన్నాం. శ్రీకాకుళం సన్నాలు. టౌను పక్కనే ఉన్న రాగోలు పరిశోధన కేంద్రం ఇచ్చిన రకం, మా జిల్లా పేరే పెట్టుకుంది. మిల్లు వాళ్లకి పోసేదానికంటే క్వింటాకి కొంత ఎక్కువే ఇచ్చాం, డబ్బు చేతిలో పెట్టాం. ఆయనకి కమీషన్ల బాధ తప్పింది, మాకు షాపు రేటు తప్పింది.

నేను బియ్యంగా ఆడించి తెచ్చుకుందామనుకుంటుంటే మావయ్యే చెప్పారు. "బియ్యం దాచకమ్మా, ధాన్యం దాచు. ఊక ఉన్నంతసేపు గింజకి ఏటీ అవదు. ఊక తీస్తే పురుగు ఊరకే పడతాది." క్వింటాకి 65 కిలోల చొప్పున లెక్కేసుకుంటే నలుగురికి ఏడాది గింజ 325 కిలోలు. రెండు నెలలకోసారి మరకి పట్టుకెళ్లి ఒక్క పాలిషే పట్టిస్తాం. నిలవ పెట్టేముందు మళ్లీ ఎండబెట్టాం. గింజ పంటి కింద టక్కుమని విరిగితే ఎండినట్టు, నలిగితే ఇంకా ఎండాలి. మెట్ల కింద చెక్క బల్లలు వేసి, గోడకి తగలకుండా బస్తాలు పేర్చి, మధ్యలో ఎండు వేపాకు.

మర దగ్గర బియ్యంతో పాటు వచ్చేవన్నీ ఇంటికే తెచ్చుకుంటాం. తవుడు త్వరగా ముక్కిపోయిన నూనె వాసన వేస్తుంది, అందుకే వారంలోపు కోళ్ల మేతలోకి. నూకలు చోడి అంబలిలోకి. ఊక కోళ్ల గూట్లో కింద పరుపుగా, తడిశాక ఎరువులోకి. ప్యాకెట్టు బియ్యం కొన్నన్నాళ్లూ ఈ మూడూ మా కంట పడలేదు.

నువ్వులు కూడా రైతు దగ్గరే కొని గానుగ ఆడించాం. నూనె క్యాన్లలోకి వెళ్లింది. పక్కన మిగిలిన తెలగపిండి నాకు అసలు నిధి. సెప్టెంబరులో నరికిన మునగ ఇచ్చిన లేత ఆకు, తెలగపిండి, వెల్లుల్లి, ఎండుమిర్చి. పిండిని ఉప్పు నీళ్లలో ఉడకనిచ్చి, నీరు ఇగిరాక ఆకు కలిపి, పొడిపొడిగా అయ్యేదాకా సన్న సెగ మీద వేయించాలి. వేడన్నంలో అదే నూనె చుక్క వేసుకుని తింటే ఇంకో కూర అడగరు. ఆ పూట కంచంలో ఉప్పూ వెల్లుల్లీ మిరపకాయా తప్ప షాపు నుంచి వచ్చినది ఏదీ లేదు.

ఫిబ్రవరి

సందులో ప్రహరీ మీదకి పాకించిన పాదు చిక్కుడు ఇప్పుడు విరగకాస్తోంది. ఆషాఢంలో పెట్టాం. వర్షాకాలమంతా ఆకే, పువ్వు లేదు. పగలు పొట్టిగా మారితే తప్ప ఈ నాటు రకం పూత వెయ్యదు, అందుకే కార్తీకంలో మొదలై మాఘం దాకా కాపు. పందిరి కాకుండా గోడకి పాకించాం గనక తుపాను నెలలో దాన్ని కదిలించాల్సిన పని పడలేదు. రథసప్తమికి అరసవల్లి వెళ్లొచ్చి, ఇంట్లో చిక్కుడుకాయల రథం, చిక్కుడాకుల్లో పరమాన్నం, అన్నీ మా పాదువే. పక్కింటి పిన్నిగారికి, ఎదురింటి వాళ్లకి కూడా ఆకులు ఇక్కడ్నించే వెళ్లాయి. పిన్నిగారు బదులుగా తన దగ్గరున్న పొట్ల గింజలు ఇచ్చారు. గింజలు ఇలా చేతులు మారడం మొదలైతే విత్తనాల ప్యాకెట్లు కొనే పని తగ్గుతుంది. ముదురు చిక్కుళ్లు కొన్ని పాదు మీదే ఎండనిస్తున్నాం, ఎవరు అడిగినా ఇవ్వడానికి.

లెక్కలు చూశాం. ఆకుకూరలు, కరివేపాకు, పచ్చిమిర్చి కొనడం ఆగిపోయింది. కూరగాయల్లో సగానికి పైగా తగ్గింది. ఉల్లి, బంగాళాదుంప, కందిపప్పు, బెల్లం, ఉప్పు, పాలు ఎప్పటిలాగే కొంటున్నాం, పాలు ఎప్పటికీ కొనాల్సిందే. చెత్త బండికి ఇప్పుడు ప్లాస్టిక్ కవర్లు తప్ప వేసేది లేదు.

కరెంటు సంగతి ఈ వేసవికి. ఇళ్ల మీద సోలార్ పలకలకి 2024 ఫిబ్రవరిలో వచ్చిన కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద రెండు కిలోవాట్ల వరకు కిలోవాటుకి 30,000 రూపాయల సబ్సిడీ ఉంది. కిలోవాటుకి సుమారు వంద చదరపు అడుగుల ఎండ కావాలి, రోజుకి నాలుగు యూనిట్లు వస్తాయి. మేడకి ఉత్తరం వైపు పాదులు, దక్షిణం వైపు పలకలు అని గీసుకున్నాం. పలకల ఫ్రేము స్లాబుకి ఎలా బిగిస్తారో, ఎంత గాలికి ఆగుతుందో రాతపూర్వకంగా ఇచ్చేవాళ్లకే పని ఇస్తాం. ఇక్కడ అది తేలకుండా సంతకం పెట్టకూడదు.

చిన మావయ్య ఫోన్ చేశారు. వరి కోయకముందే చేలో చల్లిన పెసర, మినుము కాయ పట్టాయట, వచ్చే నెల నూరుస్తారట. పెసలు అరక్వింటా, మినుములు ఇరవై కిలోలు మాకు తీసి ఉంచమన్నాను. డబ్బాలు కడిగి ఎండలో పెట్టాలి.